ల్యాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్ ప్రోటాన్ ఏటీపీయేజ్‌ను ప్రయోగశాలలో పరిశీలించే పద్ధతి

పేగుల్లో ఉండి మనకు మేలు చేసే బాక్టీరియాలలో ల్యాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్ ఒకటి. ఎర్నెస్ట్ మోరో 1900లో దీనిని పసిపిల్లల మలం నుంచి వేరుచేసి వర్ణించాడు. ఈ జీవికి మన కణాలకు ఉన్నటువంటి శ్వాసక్రియా శృంఖలం లేదు. గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చుకుని, ఒక్కో గ్లూకోజు అణువుకు నికరంగా 2 ఏటీపీ (కణాలు శక్తి కోసం ఖర్చుచేసే పదార్థం) అణువులు మాత్రమే సంపాదించుకుంటుంది. అంత కొద్దిపాటి రాబడిలో కూడా కొంత భాగాన్ని, బయటి ఆమ్లం నుంచి కణంలోకి చొరబడే ప్రోటాన్లను తిరిగి బయటికి తోడిపోయడానికే ఖర్చుచేస్తుంది. ఆ పని చేసేది కణత్వచంలో నాటుకుని ఉండే ఎఫ్1-ఎఫ్ఓ ప్రోటాన్ ఏటీపీయేజ్ అనే ఎంజైము. ఏటీపీని విడగొట్టేది దానిలోని ఎఫ్1 భాగం, త్వచం గుండా ప్రోటాన్లకు దారి ఇచ్చేది ఎఫ్ఓ భాగం. మైటోకాండ్రియాలో ఏటీపీని తయారుచేసే ఎంజైముకు ఇది దగ్గరి చుట్టమే గాని, ఇక్కడ ప్రధానంగా ఎదురు దిశలో తిరిగి, ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లను బయటికి పంపుతుంది. ఆమ్లానికి గురైనప్పుడు ఈ ఎంజైము జన్యువులు ఎక్కువగా వ్యక్తమవుతాయని ఉత్తర కారొలైనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన కల్లెన్, క్లేన్‌హామర్ 1999లో చూపించారు. జీర్ణాశయంలోని ఆమ్లాన్ని దాటుకుని ప్రాణంతో పేగు చేరవలసిన జీవికి ఈ ఎంజైము ఎంత అవసరమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నవారిని, పరిశోధనలో తొలి అడుగులు వేస్తున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో ఉంచుకోవాలి. ఈ ఎంజైమును కొలవడమంటే ఏటీపీ నుంచి విడుదలైన ఫాస్ఫేటును కొలవడమే. ఫాస్ఫేటును కొలిచే పద్ధతిలో గొట్టంలో నీలిరంగు వచ్చిందంటే ఫాస్ఫేటు ఉందని మాత్రమే తెలుస్తుంది. దానిని మన ఎంజైమే విడుదల చేసిందని తెలియదు. ఫాస్ఫటేజులు, ఇతర ఏటీపీయేజులు, పెంపక ద్రవంలో మిగిలిపోయిన ఫాస్ఫేటు, ఆమ్లంలో తనంతట తాను విడిపోయే ఏటీపీ అన్నీ కలిసి అదే రంగునిస్తాయి. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా తీసివేసి, మిగిలినది ఫలానా ఎంజైముదేనని నిరూపించడమే ఇక్కడి అసలు పని.

కణాల పెంపకం, త్వచాల తయారీ

ఇంటి పెరుగు నుంచి తీసిన బాక్టీరియాతో ఈ పని మొదలుపెట్టవద్దు. అందులో పలు జాతులు కలిసి ఉంటాయి. చండీగఢ్‌లోని ఎంటీసీసీ వంటి సూక్ష్మజీవుల సేకరణ కేంద్రం నుంచి గుర్తింపు సంఖ్య ఉన్న స్ట్రెయిన్‌ను తెప్పించుకుని, చేతికి వచ్చాక 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువును చదివించి, అది నిజంగా ఆ జాతేనని ఒకసారి సరిచూసుకోవాలి. ఎంఆర్‌ఎస్ అనే పోషక ద్రవంలో 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆక్సిజన్ తగలకుండా పెంచి, 600 నానోమీటర్ల దగ్గర శోషణం 0.8 నుంచి 1.0 మధ్యకు రాగానే, అంటే కణాలు ఇంకా వేగంగా విభజన చెందుతున్న దశలోనే, సెంట్రిఫ్యూజ్ చేసి సేకరించాలి. రాత్రంతా పెరిగిన ద్రవంలో పీహెచ్ బాగా పడిపోయి ఉంటుంది గనుక ఆ కణాల్లో ఎంజైము పరిమాణం వేరుగా ఉండవచ్చు. ప్రతిసారీ ఒకే శోషణం దగ్గర ఆపకపోతే ఈ వారం ఫలితాన్ని పోయిన వారం ఫలితంతో పోల్చలేము.

కడగడం దగ్గర ఎంత శ్రద్ధ పెట్టినా ఎక్కువ కాదు. ఎంఆర్‌ఎస్ ద్రవంలో లీటరుకు 2 గ్రాముల డైపొటాషియం ఫాస్ఫేటు ఉంటుంది. అంటే దాదాపు 11 మిల్లీమోలార్ ఫాస్ఫేటులో కణాలు మునిగి ఉన్నాయన్నమాట. మనం కొలవబోయేది అందులో చిన్న వంతు మాత్రమే. 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడు కలిపిన 50 మిల్లీమోలార్ హెపెస్ బఫర్‌తో, చల్లగా, కనీసం రెండుసార్లు కడగాలి. అలవాటు కొద్దీ పీబీఎస్ సీసా అందుకోవద్దు, ఆ పేరులో మొదటి అక్షరం ఫాస్ఫేటుదే. మా ప్రయోగశాలలో ఒకసారి చివరి కడుగు పీబీఎస్‌తో జరిగింది. అసలు ఏటీపీయే కలపని గొట్టాలు కూడా ముదురు నీలంగా మారాయి. పది రోజులపాటు ఎంజైములోనే లోపం ఉందనుకుని వెతికాము. తప్పు ఎక్కడుందో తెలిశాక, ఈ పనికి వాడే బఫర్ల అర మీద ఫాస్ఫేటు ఉన్న సీసా ఏదీ పెట్టకూడదని నియమం పెట్టుకున్నాము. గాజు సామాను విషయమూ అంతే. సబ్బు పొడుల్లో ఫాస్ఫేటు ఉండవచ్చు గనుక గొట్టాలను పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, శుద్ధజలంతో పలుమార్లు కడిగి వాడాలి. లేదా కొత్త ప్లాస్టిక్ గొట్టాలు వాడాలి.

ఇది గ్రామ్ పాజిటివ్ జీవి కాబట్టి కణకవచం మందంగా ఉంటుంది. లైసోజైము ఒక్కదానితో అది సరిగా కరగదు. సుక్రోజు కలిపిన బఫర్‌లో లైసోజైముతో పాటు మ్యూటనోలైసిన్ కూడా కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే కవచం బలహీనపడుతుంది. ఆ తరువాత పీఎంఎస్‌ఎఫ్ (ప్రోటీన్లను కోసే ఎంజైములను ఆపే రసాయనం), కొద్దిగా డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైము) కలిపి ఫ్రెంచ్ ప్రెస్‌లో, అంటే అధిక పీడనంతో కణాలను చీల్చే పరికరంలో, పగలగొట్టాలి. ఫ్రెంచ్ ప్రెస్ అందుబాటులో లేనివారు సన్నని గాజుపూసలతో గాని, సోనికేటర్‌తో గాని ఆ పని చేయవచ్చు. సోనికేటర్ వాడేటప్పుడు గొట్టాన్ని మంచులో ఉంచి, అర నిమిషం నడిపి అర నిమిషం ఆపుతూ పోవాలి, లేకపోతే వేడికి ఎంజైము పాడవుతుంది. పగలని కణాలు 10,000 జీ (గురుత్వానికి 10,000 రెట్లు) దగ్గర 20 నిమిషాలకు అడుగున చేరతాయి. పైతేటను జాగ్రత్తగా తీసి, 150,000 జీ దగ్గర గంటసేపు అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున త్వచాలు దిగుతాయి. ఆ ముద్ద పగలని కణాల ముద్దలాగా తెల్లగా, సుద్దలా ఉండదు. లేత గోధుమరంగులో, వెలుతురుకు ఎదురుగా పెడితే గాజులా కనిపిస్తుంది. తెల్లటి వలయం కనిపిస్తే తొలి సెంట్రిఫ్యూజ్ చాలలేదని అర్థం. ముద్దను 10 శాతం గ్లిసరాల్ ఉన్న బఫర్‌లో సన్నని బ్రష్‌తో గాని, చిన్న హోమోజినైజర్‌తో గాని నురగ రాకుండా కలిపి, చిన్న చిన్న భాగాలుగా చేసి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచుకోవాలి. ఒకసారి కరిగించిన భాగాన్ని మళ్ళీ గడ్డకట్టించవద్దు. ప్రోటీను పరిమాణాన్ని బ్రాడ్‌ఫోర్డ్ పద్ధతిలో గాని, లోరీ పద్ధతిలో గాని కొలవవచ్చు; ఏదో ఒకదానికే చివరిదాకా కట్టుబడి ఉండాలి.

ఫాస్ఫేటును కొలవడం

ఈ కొలతకు నేటికీ ఎన్నో ప్రయోగశాలల్లో వాడే పద్ధతి ఒక తెలుగువాడి పేరు మీద ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అది. ఇక్కడ ఆయన్ని తలచుకోవడం కేవలం గౌరవార్థం కాదు. కండరాలలో అంతవరకూ ఎవరూ గుర్తించని ఫాస్ఫేటు సమ్మేళనాలు ఉన్నాయని వారికి తెలిసింది ఈ కొలత చేతిలో ఉండబట్టే. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో, జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా అదే పని చేస్తున్న కాలంలోనే, ఏటీపీని కనుగొన్నారు. కాబట్టి మనం ఈ ప్రయోగంలో వాడే ఎరా (ఎంజైము పనిచేసే పదార్థం, ఇక్కడ ఏటీపీ), కొలిచే పద్ధతీ రెండూ ఒకే బల్ల దగ్గర నుంచి వచ్చినవే.

పద్ధతి ఇలా ఉంటుంది. ఆమ్ల మాధ్యమంలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి ఫాస్ఫోమాలిబ్డేటుగా మారుతుంది. దానిని అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగును 660 నానోమీటర్ల దగ్గర చదువుతాము. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించిన 2.5 శాతం అమ్మోనియం మాలిబ్డేటు ఒక ద్రావణం. 15 శాతం సోడియం బైసల్ఫైటులో కొద్దిగా సోడియం సల్ఫైటు చేర్చి, అందులో కరిగించిన 0.25 శాతం అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం రెండవ ద్రావణం. రెండవదాన్ని గోధుమరంగు సీసాలో, వెలుతురు తగలకుండా ఉంచాలి. ప్రమాణ వక్రరేఖ కోసం, ఓవెన్‌లో ఆరబెట్టిన పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటు 136.1 మిల్లీగ్రాములను లీటరు నీటిలో కరిగిస్తే 1 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది.

చర్యా మిశ్రమం 1 మిల్లీలీటరు. అందులో 50 మిల్లీమోలార్ బఫర్, 5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడు, 0.1 మిల్లీగ్రాము త్వచ ప్రోటీను ఉంటాయి. 37 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, 5 మిల్లీమోలార్ ఏటీపీతో చర్యను ప్రారంభించాలి. ఏటీపీ ద్రావణాన్ని పీహెచ్ 7కు సరిచేయకుండా వాడవద్దు. కరిగించగానే అది ఆమ్లంగా ఉంటుంది, పలుచటి బఫర్ దాన్ని అదుపు చేయలేకపోవచ్చు. దాని గాఢతను కూడా తూకం మీద నమ్మకుండా, 259 నానోమీటర్ల దగ్గర శోషణంతో, మోలార్ శోషణ గుణకం 15,400గా తీసుకుని లెక్కగట్టాలి. నిర్ణీత సమయం అయ్యాక చల్లని ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంతో చర్యను ఆపి, ప్రోటీనును సెంట్రిఫ్యూజ్ చేసి తీసివేసి, పైతేటలో రంగు తెప్పించాలి. రంగు ద్రావణాలు కలిపిన క్షణం నుంచి చదివేదాకా పట్టే సమయం అన్ని గొట్టాలకూ ఒకటే ఉండాలి. ఆ ఆమ్లంలో ఏటీపీ మెల్లగా విడిపోతూనే ఉంటుంది గనుక, పది నిమిషాలకు చదివిన గొట్టాన్ని అరగంటకు చదివిన గొట్టంతో పోల్చలేము.

ప్రతి గొట్టానికీ ఒక శూన్యకాల గొట్టం జత చేయాలి. అందులో ముందుగా ఆమ్లం, ఆ తరువాతే ఏటీపీ చేరుతుంది. మిగిలిన పదార్థాలన్నీ ఒకటే. నీళ్ళ గొట్టాన్ని బ్లాంక్‌గా పెట్టి సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. త్వచంతో పాటు వచ్చిన ఫాస్ఫేటు, ఏటీపీ పొడిలో ముందే ఉన్న ఫాస్ఫేటు, రంగు వచ్చేలోగా విడిపోయే ఏటీపీ ఈ మూడూ శూన్యకాల గొట్టంలోనే కనిపిస్తాయి, నీళ్ళ గొట్టంలో కనిపించవు.

ఎవరి ఫాస్ఫేటో తేల్చడం

ఇప్పుడు నిరోధకాల వంతు. డీసీసీడీ అనే రసాయనం ఎఫ్ఓ భాగంలోని సి ఉపప్రమాణానికి (ఎంజైములో ఒక విడి ప్రోటీను గొలుసుకు) ఉన్న ఒక కార్బాక్సిల్ సమూహానికి అతుక్కుని ప్రోటాన్ దారిని మూసివేస్తుంది. ఎఫ్1 భాగం ఎఫ్ఓతో గట్టిగా జతపడి ఉన్నంతవరకు, దారి మూసుకుంటే ఏటీపీ విచ్ఛేదనం కూడా ఆగిపోతుంది. త్వచాలను 0.1 మిల్లీమోలార్ డీసీసీడీతో 20 నుంచి 30 నిమిషాలు ముందుగా ఉంచి, ఆ తరువాత ఏటీపీ కలపాలి. డీసీసీడీని ఇథనాల్‌లో కరిగిస్తాము కాబట్టి అంతే ఇథనాల్ కలిపిన మరో గొట్టం తప్పనిసరి. గాఢత మరీ పెంచితే అది ఎఫ్1లోని బీటా ఉపప్రమాణాన్ని కూడా పట్టుకుంటుంది. అందువల్ల ఒకే గాఢతతో కాక, తక్కువ నుంచి ఎక్కువకు నాలుగైదు గాఢతలతో చేసి, నిరోధం ఎక్కడ నిలకడకు వస్తుందో చూడాలి. ఇది చర్మానికి తగిలితే తీవ్రమైన అలర్జీ కలిగించే పదార్థం. చేతి తొడుగులు లేకుండా, ఫ్యూమ్ హుడ్ బయట దీని సీసా మూత తీయవద్దు.

రెండవది సోడియం అజైడు. ఇది ఎఫ్1 భాగాన్ని నిరోధిస్తుంది. అజైడు ఆమ్లంతో కలిస్తే విషవాయువు పుడుతుంది కాబట్టి ఆ గొట్టాలను ఆమ్లంతో ఆపే పని కూడా ఫ్యూమ్ హుడ్‌లోనే జరగాలి, వ్యర్థాన్ని సింకులో పోయకూడదు. మూడవది వనడేటు. ఇది పీ-రకం అనే మరో కుటుంబపు ఏటీపీయేజులను నిరోధిస్తుంది గాని మన ఎంజైమును ముట్టుకోదు. అంటే డీసీసీడీకి లొంగి, అజైడుకు లొంగి, వనడేటుకు లొంగని భాగమే మనం వెతుకుతున్నది. వనడేటు కూడా మాలిబ్డేటుతో కలిసి రంగును తారుమారు చేయగలదు. అందువల్ల ఏ నిరోధకాన్ని వాడినా, అంతే గాఢతలో దానిని ప్రమాణ ఫాస్ఫేటు గొట్టాలలో కూడా కలిపి, రేఖ మారలేదని ముందు రూఢి చేసుకోవాలి. ఏటీపీ బదులు బీటా-గ్లిసరోఫాస్ఫేటు ఇచ్చి చూస్తే, సాధారణ ఫాస్ఫటేజుల వాటా ఎంతో విడిగా తెలుస్తుంది.

లెక్క ఎలా వేయాలో ఊహాజనితమైన అంకెలతో చూపిస్తాను. 20 నిమిషాల తరువాత మామూలు గొట్టంలో 0.50 మైక్రోమోలు, డీసీసీడీ గొట్టంలో 0.20, శూన్యకాల గొట్టంలో 0.08 మైక్రోమోలు ఫాస్ఫేటు కనిపించాయనుకుందాం. శూన్యకాలాన్ని తీసివేస్తే 0.42, 0.12 మిగులుతాయి. వాటి తేడా 0.30. దీనిని 20 నిమిషాలతోనూ, 0.1 మిల్లీగ్రాముతోనూ భాగిస్తే, నిమిషానికి మిల్లీగ్రాముకు 0.15 మైక్రోమోలు వస్తుంది. అదే మొదటి అంకెను నేరుగా భాగించి ఉంటే 0.25 వచ్చేది. మనది కానిదంతా మన ఎంజైము ఖాతాలో పడిపోయేదన్నమాట.

పీహెచ్, మెగ్నీషియం, ఏటీపీ గాఢత

లక్షణాలు కొలిచే ముందు, కాలంతోనూ ప్రోటీనుతోనూ ఫాస్ఫేటు సరళరేఖలో పెరుగుతోందని చూపాలి. 5, 10, 15, 20 నిమిషాల బిందువులు ఒకే గీత మీద పడకపోతే తరువాతి కొలతలన్నీ వృథా.

పీహెచ్ కోసం ఒకే బఫర్ సరిపోదు. 5.5 నుంచి 6.7 దాకా మెస్, 6.8 నుంచి 8.2 దాకా హెపెస్, ఆపైన ట్రిస్ వాడి, బఫర్ మారే చోట రెండు బఫర్లతోనూ ఒకే పీహెచ్ దగ్గర కొలవాలి. అక్కడ తేడా వస్తే అది పీహెచ్ ప్రభావం కాదు, బఫర్ ప్రభావం. ట్రిస్ పీహెచ్ డిగ్రీకి దాదాపు 0.03 చొప్పున తగ్గుతుంది కాబట్టి, 25 డిగ్రీల దగ్గర 8.0కు సరిచేసినది 37 డిగ్రీల దగ్గర 7.7 దాపుల్లో ఉంటుంది. అందువల్ల వాడబోయే ఉష్ణోగ్రత దగ్గరే సరిచేయాలి. ఆమ్లాన్ని బాగా తట్టుకునే జాతుల ఏటీపీయేజులు, తట్టుకోలేని జాతుల వాటికంటే తక్కువ పీహెచ్ దగ్గర చురుగ్గా ఉంటాయి గనుక, ఈ వక్రరేఖ జీవి స్వభావాన్ని నేరుగా చూపించే ఫలితం. దీనికి నిండుగా బిందువులు తీసుకోవడం న్యాయం.

ఎంజైముకు నిజమైన ఎర ఏటీపీ ఒక్కటే కాదు, మెగ్నీషియంతో కలిసిన ఏటీపీ. మెగ్నీషియం తక్కువైతే విడిగా మిగిలిన ఏటీపీ, ఎక్కువైతే విడిగా మిగిలిన మెగ్నీషియం, రెండూ ఎంజైమును మందగింపజేయగలవు. ముందుగా ఏటీపీని 5 మిల్లీమోలార్ దగ్గర నిలిపి, మెగ్నీషియాన్ని 1 నుంచి 10 దాకా మార్చి చూసి, సరిపడే నిష్పత్తిని తెలుసుకున్నాకే కేఎం (వేగం గరిష్ఠంలో సగానికి చేరే ఎర గాఢత) కొలతకు వెళ్ళాలి.

కేఎం దగ్గర చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. పై లెక్కలోని 0.42 మైక్రోమోలు, 5 మిల్లీమోలార్ ఏటీపీలో, అంటే మిల్లీలీటరుకు 5 మైక్రోమోలులో, దాదాపు 8 శాతమే. ఎర పెద్దగా తరగలేదు కాబట్టి అది తొలి వేగమేనని చెప్పవచ్చు. అవే పరిస్థితుల్లో ఏటీపీని 0.2 మిల్లీమోలార్‌కు తగ్గిస్తే గొట్టంలో ఉన్నది మొత్తం 0.2 మైక్రోమోలే. అది సమయం ముగియకముందే అడుగంటిపోతుంది, ఏటీపీ విడిపోయాక పేరుకున్న ఏడీపీ ఎంజైమును అడ్డుకుంటుంది, వచ్చిన అంకెకు అర్థమే ఉండదు. ఎరలో 10 శాతానికి మించి ఖర్చుకాకూడదన్న హద్దు పాటించాలంటే 20 నానోమోలుల దగ్గరే ఆపాలి. దానికి ఫిస్కే-సుబ్బారావు రంగు సున్నితత్వం చాలదు. అక్కడ ప్రోటీనును, సమయాన్ని తగ్గించి, ఇంకా సున్నితమైన మాలకైట్ గ్రీన్ పద్ధతికి మారాలి. మరో దారి, పైరువేట్ కైనేజ్, లాక్టేట్ డీహైడ్రోజనేజ్ జంటతో ఏడీపీని ఎప్పటికప్పుడు ఏటీపీగా మారుస్తూ, తరిగే ఎన్ఏడీహెచ్‌ను 340 నానోమీటర్ల దగ్గర చదవడం. ఈ దారి పట్టేవారు ఏటీపీ లేకుండా కూడా ఒకసారి నడిపి చూడాలి. ల్యాక్టోబాసిల్లస్ కణాల్లో ఎన్ఏడీహెచ్‌ను ఖర్చుచేసే వేరే ఎంజైములు ఉంటాయి, అవి త్వచాలతో పాటు వచ్చి ఉండవచ్చు. వచ్చిన బిందువులకు మైకేలిస్-మెంటెన్ సమీకరణాన్ని కంప్యూటర్‌లో నేరుగా సరిపెట్టాలి. విలోమాల గీత (1/గాఢతకు ఎదురుగా 1/వేగం) చూపించడానికి బాగుంటుంది గాని, తక్కువ గాఢతల దగ్గరి చిన్న తప్పులను అది పెద్దవి చేస్తుంది.

ప్రోటాన్లు నిజంగా కదులుతున్నాయా

ఫాస్ఫేటు విడుదల ఎంజైము చేసే పనిలో సగమే. ఫ్రెంచ్ ప్రెస్‌లో పగిలిన త్వచాలలో చాలా భాగం లోపలివైపు బయటికి తిరిగిన బుడగలుగా మూసుకుంటాయి. అప్పుడు ఎఫ్1 బయటికి ఉంటుంది, మనం కలిపిన ఏటీపీ దానికి అందుతుంది, ప్రోటాన్లు బుడగలోకి చేరతాయి. ఏసీఎంఏ అనే ప్రతిదీప్తి రంగును కలిపి, 410 నానోమీటర్ల కాంతి ఇచ్చి 480 దగ్గర చదువుతూ ఉంటే, ఏటీపీ వేసిన కొద్దిసేపట్లోనే వెలుగు తగ్గడం మొదలవుతుంది. త్వచానికి ఇరుపక్కలా పేరుకునే విద్యుదావేశం పంపును ఆపకుండా బఫర్‌లో పొటాషియం క్లోరైడు, పొటాషియాన్ని త్వచం దాటించే వాలినోమైసిన్ కొద్దిగా ఉండాలి. చివరగా, పొటాషియంతో ప్రోటాన్లను మార్పిడి చేసి బుడగలో పేరుకున్న ప్రోటాన్లను బయటికి వదిలే నైజెరిసిన్ వేయాలి. తగ్గిన వెలుగు తిరిగి పైకి లేస్తేనే అంతకుముందు తగ్గడానికి ప్రోటాన్లే కారణమని చెప్పగలం. డీసీసీడీ పెట్టిన బుడగల్లో వెలుగు తగ్గకపోతే పంపు కూడా అదేనని తేలుతుంది. ఫాస్ఫేటు బాగా వస్తూ వెలుగు మాత్రం తగ్గడం లేదంటే, బుడగలు కారుతున్నాయో, ఎఫ్1 ఊడిపోయి విడిగా తిరుగుతోందో చూడాలి. త్వచాన్ని వదిలిన ఎఫ్1 డీసీసీడీకి లొంగదు. మెగ్నీషియాన్ని పట్టుకునే ఎడిటా ఉన్న పలుచటి బఫర్‌తో కడిగితే ఎఫ్1 సులభంగా ఊడివస్తుంది గనుక, త్వచాల బఫర్‌లో మెగ్నీషియాన్ని ఏ దశలోనూ మానకూడదు.

ఇంతవరకు కుదిరాక, పీహెచ్ 6.5 దగ్గర పెంచిన కణాలను, పీహెచ్ 5 దగ్గర పెంచిన కణాలను పక్కపక్కన పెట్టి ఇదే వరుసలో కొలవాలి. పోల్చవలసింది డీసీసీడీకి లొంగే భాగాలనే గాని, మొత్తం ఫాస్ఫేటును కాదు. కేఎం మారకుండా గరిష్ఠ వేగం మాత్రమే పెరిగితే ఆమ్లంలో పెరిగిన కణాలు అదే ఎంజైమును ఎక్కువగా తయారుచేసుకున్నాయని అనుకోవచ్చు. బీటా ఉపప్రమాణం జాతులన్నిటిలో దగ్గరి పోలికతో ఉంటుంది కాబట్టి, వేరే బాక్టీరియా బీటా ఉపప్రమాణానికి తయారైన యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ (ఆ ప్రోటీను ఎంత ఉందో పట్టీగా చూపే పద్ధతి) చేసి, రెండు వరుసల్లో సమానంగా ప్రోటీను వేసి, పట్టీ చిక్కదనం వేగంతో పాటే పెరిగిందో లేదో చూస్తే ఆ అనుమానం తీరుతుంది.